తాళంకన్నం లేని తలుపు

1810 నవంబరు నెల. స్కాట్లాండులో ఎడిన్‌బరో ఊరి చివర, డ్రమ్‌షూ అనే చోట ఒక ఆడపిల్లల బడి ఉండేది. పెట్టి అప్పటికి ఏడాదే అయింది. పెద్దిళ్ళ పిల్లలు అక్కడే తింటూ, అక్కడే పడుకుంటూ చదువుకునేవారు. ఒకరోజు ఒక ఇంటి నుంచి కబురొచ్చింది, మా అమ్మాయిని పంపించెయ్యండని. ఎందుకో చెప్పలేదు. వెనకాలే ఇంకో ఇంటి నుంచి, ఆ వెనకాల మరో ఇంటి నుంచి అదే కబురు. పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలకి ఏం చెప్పాలో టీచర్లిద్దరికీ పాలుపోలేదు. కారణం వాళ్ళకే తెలియదు. రెండు రోజులు గడిచేసరికి ఆ బడిలో ఒక్క పిల్ల కూడా మిగల్లేదు.

ఆ టీచర్ల పేర్లు మేరియన్ వుడ్స్, జేన్ పిరీ. పెళ్ళి కాలేదు. ఆస్తిపాస్తులు లేవు. చదువుకున్న పెళ్ళికాని ఆడదానికి ఆ రోజుల్లో గౌరవంగా బతకడానికి ఉన్న దారి ఒక్కటే, ఎవరో గొప్పవాళ్ళింట్లో పిల్లలకి చదువు చెబుతూ అటు చుట్టమూ కాకుండా ఇటు పనిమనిషీ కాకుండా ఒక మూల పడి ఉండటం. ఆ బతుకు వద్దనుకున్నారు. ఇద్దరం కలిసి సొంతంగా బడి పెట్టుకుందామని ఏళ్ళ తరబడి కలలు కని, కూడబెట్టి, 1809లో పెట్టారు. ఒకరి మీద ఒకరికి ప్రాణం. ఆ సంగతి వాళ్ళు ఎప్పుడూ దాచుకోలేదు, దాచుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. మేరియన్ పిన్నమ్మ వరస ఆవిడ, ఆన్ వుడ్స్ అనే ఒకప్పటి రంగస్థల నటి, వీళ్ళతోనే ఉండేది. ఆవిడ పెత్తనం వల్ల టీచర్లిద్దరి మధ్యా మాటామాటా వచ్చేది, ఒకరి మీద ఒకరు అలిగేవారు, మళ్ళీ కలిసిపోయేవారు.

ఆ రోజుల అలవాటు ప్రకారం పడకలు పంచుకునేవారు. మిస్ పిరీ మంచం మీద ఒక విద్యార్థిని, ఇంకో గదిలో మిస్ వుడ్స్ మంచం మీద మరో విద్యార్థిని పడుకునేవారు. ఇందులో తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు.

మిస్ పిరీ పక్కన పడుకునే అమ్మాయి పేరు జేన్ కమింగ్. వయసు పదిహేనో పదహారో. ఈ అమ్మాయి దగ్గర మనం కాస్త ఆగాలి, ఎందుకంటే ఈమె పుట్టింది మన దేశంలో. తండ్రి జార్జ్ కమింగ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడికొచ్చిన స్కాట్లాండు దొర కొడుకు. తల్లి ఇక్కడి ఆడమనిషి. పెళ్ళి లేని సంబంధం. జార్జ్ ఇక్కడే చనిపోయాడు. పిల్లని తల్లి దగ్గర ఉంచకుండా ఓడ ఎక్కించి నానమ్మ దగ్గరికి పంపించారు. ఆ నానమ్మే లేడీ హెలెన్ కమింగ్ గోర్డన్, ఆ ప్రాంతంలో పెద్ద జమీందారీ కుటుంబం. ఒంటి రంగు వేరు, పుట్టుక సంగతి అందరికీ తెలుసు, ఎవరి మధ్యకి వెళ్ళినా పరాయిదే. అలాంటి పిల్లని తమ బడిలో చేర్చుకోవడం ఆ టీచర్లకి సాహసమే. చేర్చుకున్నారు. నానమ్మ ప్రతిఫలంగా తన పలుకుబడితో ఇంకొందరు పెద్దింటి పిల్లల్ని చేర్పించింది. ఆ చేతితోనే తర్వాత బడి మూయించింది.

జేన్ కమింగ్ నానమ్మతో చెప్పిన మాట ఇది. రాత్రిపూట మిస్ వుడ్స్ తమ మంచం దగ్గరికి వస్తుందని, టీచర్లిద్దరూ ఆడవాళ్ళ మధ్య ఉండకూడని విధంగా ఉంటారని. నానమ్మ విన్నది. టీచర్లని పిలిచి అడగలేదు. బడి గడప తొక్కి చూడలేదు. తెలిసిన ఇళ్ళన్నిటికీ ఉత్తరాలు రాసింది, పిల్లల్ని వెంటనే తీసుకెళ్ళిపొమ్మని మాత్రమే.

విషయం చివరికి చెవిన పడ్డాక ఆ ఇద్దరు ఆడవాళ్ళు చేసిన పని నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఊరు వదిలి పారిపోలేదు. ఒకరినొకరు నిందించుకుని విడిపోలేదు. లేడీ కమింగ్ గోర్డన్ మీద 10,000 పౌండ్లకి పరువు నష్టం దావా వేశారు. ఆ మాట కోర్టులో చెప్పించుకోవడం అంటే ఆ మాటని తమ నోటితో మళ్ళీ మళ్ళీ పలకడం, నలుగురు లాయర్లు నలిపి నలిపి అడిగితే జవాబు చెప్పడం. తెలిసే దిగారు.

1811 మార్చిలో సాక్ష్యాలు మొదలయ్యాయి. ఏడుగురు జడ్జీలు. తలుపులు మూసి విచారణ. కాగితాలు బయటికి పొక్కకూడదని గట్టి కట్టుదిట్టం. జేన్ కమింగ్ వచ్చి చెప్పింది. ఇంకో అమ్మాయి వచ్చి చెప్పింది. పనిమనిషి తాళంకన్నంలోంచి టీచర్లని చూసిందట అని పిల్లల మధ్య తిరిగిన ఒక మాట కూడా కోర్టు దాకా వచ్చింది. ఆ పనిమనిషిని పిలిస్తే, నేను చూడనూ లేదు, అలా అననూ లేదు అంది. ఆ తలుపు సంగతి విచారిస్తే, అలా చూడటానికి వీలైన తాళంకన్నమే దానికి లేదని తేలింది.

లేని కన్నంలోంచి చూసిన దృశ్యం ఇంత దూరం ఎలా వచ్చింది? ఒక పిల్ల ఇంకో పిల్లతో గుసగుసగా అంటుంది. ఆ పిల్ల ఇంట్లో అంటుంది. ఇంట్లో పెద్దావిడ ఉత్తరం రాస్తుంది. ఉత్తరం ఎక్కగానే ఆ మాటకి హోదా వచ్చేస్తుంది, ఇక దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు.

ఇక జడ్జీలు. మగవాళ్ళ మధ్య అలాంటి సంబంధానికి ఆనాటి చట్టంలో మరణశిక్ష ఉంది. ఆడవాళ్ళ మధ్య సంబంధం గురించి చట్టంలో మాటే లేదు. మర్యాదస్తులైన క్రైస్తవ ఆడవాళ్ళకి అలాంటి కోరిక పుడుతుందని ఒప్పుకోవడానికే కొందరు జడ్జీలకి మనసు రాలేదు. ఒకే మంచం మీద పడుకున్న స్నేహితురాళ్ళందరినీ అనుమానించాల్సి వస్తే ఇక ఈ దేశంలో ఏ ఇల్లు మిగులుతుందని వాళ్ళ బాధ. మరి ఆ అమ్మాయికి అలాంటి ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? లార్డ్ మెడోబ్యాంక్ అనే జడ్జి దానికి జవాబు కనిపెట్టాడు. ఇండియా నుంచి. అక్కడి హిందూ దాసీలు చిన్నపిల్లల ముందు పచ్చి మాటలు మాట్లాడుకుంటారు, అవి విని పెరిగిన పిల్ల కనుక ఇలాంటి కట్టుకథ అల్లగలిగింది అని.

ఈ మాట దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఆ పిల్ల ఇక్కడి నుంచి వెళ్ళేనాటికి పసిది. తల్లిని పోగొట్టుకుంది, భాషని పోగొట్టుకుంది, పరాయి చలిలో పెరిగింది. తన మాట వల్ల రెండు బతుకులు కూలిపోయాయి, నిజమే, అది చిన్న అపరాధం కాదు. కానీ ఆ అపరాధాన్ని ఆమె నెత్తిన కూడా పెట్టకుండా, పేరు కూడా తెలియని మన ఊళ్ళ ఆయమ్మల నెత్తిన పెట్టారు. అలాంటి ఊహలు ఇండియా నుంచి దిగుమతి అయ్యాయని 1811లో అన్న దొరతనమే, 1860లో మన శిక్షాస్మృతిలో 377 సెక్షన్ రాసిపెట్టింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మీద నుంచి ఆ సెక్షన్ నీడ తొలగించడానికి మన సుప్రీంకోర్టుకి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది.

1811 జూన్‌లో తీర్పు వచ్చింది. నలుగురు జడ్జీలు లేడీ వైపు, ముగ్గురు టీచర్ల వైపు. ఓడిపోయారు. మళ్ళీ విచారించమని పట్టుబట్టారు. ఈలోగా బెంచీ కొంత మారింది. 1812 ఫిబ్రవరిలో అదే లెక్క తిరగబడింది, నలుగురు టీచర్ల వైపు, ముగ్గురు లేడీ వైపు. గెలిచారు. ఆ తర్వాతి సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే నాటకం ఆ తర్వాతి సంగతిని వదిలేసింది.

1930లో విలియం రఫ్‌హెడ్ అనే స్కాట్లాండు రచయిత పాత కేసుల కథలతో 'బ్యాడ్ కంపానియన్స్' అనే పుస్తకం వేశాడు. అందులో డ్రమ్‌షూ కేసు ఒక అధ్యాయం. అమెరికాలో డిటెక్టివ్ నవలల డాషియల్ హామెట్ అది చదివి, ఇందులో నాటకం ఉంది, నువ్వు రాయి అని తన సహచరి లిలియన్ హెల్మన్‌కి ఇచ్చాడు. ఆమె నాటకం ఏదీ అప్పటికి వేదిక ఎక్కలేదు. హెర్మన్ షుమ్లిన్ అనే నిర్మాత దగ్గర, వచ్చిన స్క్రిప్టులు చదివి బాగోగులు చెప్పే ఉద్యోగం చేసేది. హామెట్ సానపడుతూ ఉంటే రాసింది, చింపింది, మళ్ళీ రాసింది. పూర్తయ్యాక తన యజమాని బల్ల మీదే పెట్టింది. షుమ్లిన్ ఆమె ఎదురుగానే ఒక్కో అంకం చదివి, చివరి పేజీ తిప్పి, నేనే వేస్తానన్నాడు. నాటకం పేరు 'ది చిల్డ్రన్స్ అవర్'.

ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1926లో న్యూయార్కు ఎంపైర్ థియేటర్లో 'ది క్యాప్టివ్' అనే ఫ్రెంచి నాటకం ఆడింది, ఎడువార్ బుర్దే రాసినది. పెళ్ళయినా ఇంకో ఆడమనిషి మీద ప్రేమ చంపుకోలేని యువతి కథ. ఆ ప్రేయసి వేదిక మీదికి రానే రాదు. ఆమె పంపిన వయొలెట్ పూలగుత్తి మాత్రం వస్తుంది. 1927 ఫిబ్రవరిలో పోలీసులు వచ్చి హెలెన్ మెంకెన్, బాసిల్ రాత్‌బోన్ సహా నటీనటుల్ని పట్టుకెళ్ళారు. ఆ ఏడాదే న్యూయార్కు రాష్ట్రం ఒక చట్టం చేసింది. స్వలింగ ప్రేమని వేదిక మీద చూపిస్తే ఆ థియేటరుకి ఏడాది దాకా తాళం వేయవచ్చు. జనం దాన్ని తాళపు చట్టం అనే పిలిచారు.

అందుకే హెల్మన్ నాటకానికి పేరున్న నటీమణులు కొందరు ముందుకు రాలేదు. రిహార్సల్లో మూడో అంకం చూసిన లీ షూబర్ట్, నాటకం వేస్తున్న థియేటరు అతనిదే, ఇది మనందర్నీ జైలుకి పంపించేలా ఉందన్నాడని హెల్మన్ తర్వాత రాసుకుంది. కథలోని టీచర్లు కేరెన్, మార్తాలుగా కేథరిన్ ఎమరీ, ఆన్ రెవియర్ దొరికారు. 1934 నవంబరు 20న మాక్సిన్ ఇలియట్స్ థియేటర్లో తెర లేచింది.

కథ అమెరికాకి మారింది. మసాచుసెట్స్‌లో ఒక పాత పొలం ఇంటిని బడిగా మార్చుకున్న స్నేహితురాళ్ళు కేరెన్ రైట్, మార్తా డోబీ. ఆన్ వుడ్స్ ఇక్కడ మిసెస్ మోర్టర్ అయింది, ఆవిడా మాజీ నటే, మార్తాకి మేనత్త. కేరెన్‌కి జో అనే డాక్టరుతో పెళ్ళి నిశ్చయమైంది. అబద్ధం చెప్పే పిల్ల మేరీ టిల్ఫర్డ్, గారాబంతో చెడిన ధనవంతుల మనవరాలు. ఇండియా మాయమైంది. రంగు మాయమైంది. ఓడ ఎక్కించి పంపేసిన పసిపిల్ల మాయమైంది. దానివల్ల నాటకానికి పదును వచ్చిన మాట నిజం, మేరీ లాంటి భయంకరమైన పిల్ల పాత్ర రంగస్థలం మీద అరుదు. కానీ జేన్ కమింగ్ ఎందుకలా చేసి ఉంటుందా అని ఆగి ఆలోచించే అవకాశం ప్రేక్షకుడికి లేకుండా పోయింది. మేరీకి కారణాలు అక్కర్లేదు, ఆమె చెడ్డది, అంతే.

తాళంకన్నం మాత్రం హెల్మన్ వదల్లేదు. రెండో అంకంలో మేరీ నానమ్మ హాల్లో అందరూ నిలబడి ఉంటారు. కేరెన్ గది తాళంకన్నంలోంచి చూశానంటుంది మేరీ. కేరెన్ తలెత్తుతుంది. తన గది తలుపుకి తాళంకన్నం లేదని చెబుతుంది. ఒక్క క్షణం ప్రేక్షకుడికి ఊపిరి ఆడుతుంది, అబద్ధం బయటపడిందని. మేరీ మాట మారుస్తుంది, చివరికి, చూసింది నేను కాదు, తోటి పిల్ల రోజలీ అంటుంది. రోజలీ ఒక గాజు దొంగిలించింది, ఆ సంగతి మేరీ గుప్పిట్లో ఉంది. రోజలీని పిలుస్తారు. ఆ పిల్ల మేరీ మొహంలోకి చూస్తుంది. ఏడుస్తూ, అవును నేనే చూశాను అంటుంది. తెర పడుతుంది. బెదిరింపు అంటే ఏమిటో ఇంత తక్కువ మాటల్లో చూపించిన సీను నేను ఎక్కువగా చదవలేదు.

ఇక మూడో అంకం. నాటకం ప్రాణం ఇక్కడే ఉంది.

కేరెన్, మార్తా ఆ నానమ్మ మీద వేసిన పరువు నష్టం కేసు ఓడిపోయారు. సాక్ష్యం చెప్పాల్సిన మిసెస్ మోర్టర్ నాటకాల ట్రూపుతో ఊళ్ళు తిరుగుతూ రానే లేదు. బడి ఇంట్లో హాలు, దుమ్ము పట్టి, చల్లగా ఉంది. ఎనిమిది రోజులుగా ఇద్దరూ గడప దాటలేదు. స్నానం ఎప్పుడు చేయాలో ముందే అనుకుంటారు, రోజులో ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వాళ్ళు ఏం మాట్లాడుకోవాలో తెలియక కూర్చున్న ఆ నిమిషాల్ని హెల్మన్ తొందరపడి దాటించలేదు. సరుకుల కుర్రాడు వస్తాడు. పెట్టె కింద పెడతాడు. వెళ్ళడు. నిలబడి ఇద్దరినీ ఎగాదిగా చూస్తాడు, తనలో తను ఇకిలిస్తాడు. కోర్టు తీర్పు కన్నా ఆ కుర్రాడి చూపు ఎక్కువ గుచ్చుకుంటుంది. తీర్పు ఒక్కసారే, సరుకులు మాత్రం మళ్ళీ మళ్ళీ కావాలి.

జో వస్తాడు. ముగ్గురం కలిసి వియన్నా వెళ్ళిపోదాం, అక్కడ కొత్తగా బతుకుదాం అంటాడు. మంచివాడు. కానీ అతని కళ్ళలో ఒక ప్రశ్న ఉంది, నిప్పు లేనిదే పొగ వస్తుందా అని. కేరెన్‌కి అది కనిపిస్తుంది. అడగమంటుంది. అడుగుతాడు. లేదంటుంది. నమ్మానంటాడు. నమ్మాడని చెప్పిన తీరులోనే ఆ ప్రశ్న ఇంకా బతికే ఉందని ఆమెకి అర్థమవుతుంది. వెళ్ళిపొమ్మంటుంది.

అప్పుడు మార్తా మాట్లాడటం మొదలుపెడుతుంది. వాళ్ళు అన్నది నిజం కాదని ఇన్నాళ్ళూ అరిచి చెప్పిన మనిషే, నిజం కావచ్చు అంటుంది. నిన్ను నేను అలాగే ప్రేమించాను, నాకే తెలియలేదు, ఒక పిల్ల అబద్ధం చెబితే తప్ప నాలో ఉన్నది నాకు కనిపించలేదు. ఆ అర్థంలో సాగుతాయి ఆమె మాటలు. కేరెన్ వినలేక ఆపమంటుంది. అలిసిపోయావు, వెళ్ళి కాసేపు పడుకో, రేపటికి అంతా మామూలవుతుంది అంటుంది. మార్తా పక్కగదిలోకి వెళుతుంది. తుపాకీ పేలుతుంది.

1934లో ఒక ఆడమనిషి వేదిక మధ్యలో నిలబడి, ఇంకో ఆడమనిషి మీద తన ప్రేమని తన నోటితో చెప్పింది. 'ది క్యాప్టివ్'లో ప్రేయసి తెరవెనకే ఉండిపోయింది. ఇక్కడ మార్తా అందరి ఎదుట ఉంది. దుర్మార్గురాలు కాదు, వగలాడి కాదు, పాఠాలు చెప్పుకునే మామూలు టీచరమ్మ. హాలు నిండా ఉన్న జనంలో అలాంటి మాట జీవితమంతా గొంతులోనే మింగినవాళ్ళు కొందరైనా ఉండి ఉంటారు. వాళ్ళకి ఆ రాత్రి తమ మాట వినపడింది. వినపడిన కాసేపటికే ఆ మాట అన్న మనిషి చనిపోయింది. హెల్మన్ ఇచ్చింది ఎంతో, లాక్కున్నది కూడా అంతే.

తన నాటకం ఆడవాళ్ళ మధ్య ప్రేమ గురించి కాదని, అబద్ధం గురించని హెల్మన్ అంటూ వచ్చింది. తాళపు చట్టం కింద బతుకుతున్న రచయిత్రికి ఆ మాట ఒక కవచం కూడా అయి ఉంటుంది. నేను ఆమె మాటని సగమే ఒప్పుకుంటాను. అబద్ధం గురించిన నాటకమే అయితే మార్తా ఒప్పుకోలు అక్కర్లేదు. ఆ సీను లేకుండానే కథ నడుస్తుంది, ఇద్దరు అమాయకులు అన్యాయమైపోయారని మనం కన్నీళ్ళు పెట్టుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆ సీను ఉండబట్టే ప్రేక్షకుడి సానుభూతికి పరీక్ష వస్తుంది. అమాయకురాలనుకుని జాలిపడిన మనిషి, అవును నేను ప్రేమించాను అన్నాక ఆ జాలి ఉంటుందా, పోతుందా?

ఎడిన్‌బరోలో జడ్జీలు ఏడుగురూ కలిసి కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. నిజమా, అబద్ధమా అనే వాదించారు. నిజమే అయితే ఎవరికి ఏం నష్టమని ఎవరూ అడగలేదు. టీచర్ల వైపు ఓటు వేసిన వాళ్ళు కూడా, ఇలాంటి ఆడవాళ్ళు మన దేశంలో ఉండరు కనుక వీళ్ళు నిర్దోషులు అన్న ధోరణిలోనే నడిచారు. గెలవాలంటే మేరియన్, జేన్ తమలాంటి ప్రేమ లోకంలో లేదని ఒప్పుకోవాలి. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆ కాగితాలు చదివి మనం తేల్చలేం. 1983లో చరిత్రకారిణి లిలియన్ ఫేడర్‌మన్ ఆ రికార్డుల్ని తవ్వి 'స్కాచ్ వర్డిక్ట్' అనే పుస్తకం రాసింది. దాంట్లో నాకు కళ్ళకి కట్టింది మంచం కాదు, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక జీవితం కట్టుకోవాలని పడ్డ తాపత్రయం.

నాటకం 691 సార్లు ఆడింది. న్యూయార్కు పోలీసులు రాలేదు. బాస్టన్ మేయరు అక్కడ ఆడనివ్వలేదు, షుమ్లిన్ కోర్టుకెక్కి ఓడిపోయాడు. లండన్లో సెన్సారు అనుమతి ఇవ్వకపోతే ప్రైవేటు క్లబ్బులో వేశారు. 1935 పులిట్జర్ బహుమతి 'ది ఓల్డ్ మెయిడ్' అనే నాటకానికి ఇచ్చారు, దానికి విమర్శకులు మండిపడి, తమ బహుమతి తామే ఇచ్చుకోవడానికి ఆ ఏడాదే సొంత సంఘం పెట్టుకున్నారు.

సినిమా కథ వేరు. నిర్మాత శామ్యూల్ గోల్డ్విన్ హక్కులు కొన్నాడు కానీ హాలీవుడ్ సెన్సారు నాటకం పేరు కూడా వాడొద్దంది. హెల్మనే కూర్చుని కథ మార్చింది. మార్తా ప్రేమించేది కేరెన్‌ని కాదు, జోని అన్నారు. 1936లో 'దీజ్ త్రీ' పేరుతో విలియం వైలర్ తీశాడు. అందులో కేరెన్ వేషం వేసింది మెర్ల్ ఓబెరాన్. ఆమె బొంబాయిలో పుట్టింది. ఇండియా రక్తం ఉందని తెలిస్తే హీరోయిన్ వేషాలు రావని, టాస్మేనియాలో పుట్టానని జీవితమంతా చెప్పుకుంది. జేన్ కమింగ్‌ని కథలోంచి తీసేసిన నాటకం, ఆడవాళ్ళ ప్రేమని తీసేసిన సినిమా, అందులో తన పుట్టుకని తీసేసుకున్న నటి. ఆ సినిమా చూసినప్పుడల్లా ఓబెరాన్ మొహం చూస్తూ నేను కథ మర్చిపోతాను.

1952లో హెల్మన్ తనే దర్శకత్వం వహించి నాటకాన్ని మళ్ళీ వేసింది. ఆ ఏడాదే ఆమెని కమ్యూనిస్టు వేట సాగిస్తున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబెట్టారు. తన గురించి అడిగితే చెబుతాను, ఇంకొకరి పేరు మాత్రం చెప్పను అని నిలబడిన మనిషి ఆమె. చాటున చెప్పిన మాటతో బతుకులు కూలిపోవడం అప్పటి అమెరికాలో రోజూ జరుగుతోంది, జనం నాటకాన్ని ఆ కళ్ళతో చూశారు. 1961లో వైలర్ మళ్ళీ సినిమా తీశాడు, ఈసారి అసలు కథతో, అసలు పేరుతో. ఆడ్రీ హెప్‌బర్న్ కేరెన్, షిర్లీ మెక్లీన్ మార్తా. ఆ సినిమా చేస్తున్నన్నాళ్ళూ ఆ విషయం గురించి సెట్లో మేమెవరం మాట్లాడుకోనే లేదని మెక్లీన్ ముప్ఫై ఏళ్ళు దాటాక ఒక డాక్యుమెంటరీలో చెప్పింది. మాట్లాడుకోకపోయినా, ఒప్పుకోలు సీనులో ఆమె గొంతు పూడుకుపోయిన తీరు ఇవాళ్టికీ నిలబడింది. కానీ ఆ సినిమాలోనూ మార్తా చనిపోతుంది.

నాటకంలో తుపాకీ పేలాక నానమ్మ మిసెస్ టిల్ఫర్డ్ వస్తుంది. అబద్ధం బయటపడింది, క్షమించమంటుంది, డబ్బు ఇస్తానంటుంది, పత్రికల్లో ప్రకటన వేయిస్తానంటుంది. ఆ సీను బరువెక్కువైందని, మార్తా చావుతోనే తెర దించాల్సిందని హెల్మనే తర్వాత ఒప్పుకుంది. కళ పరంగా ఆమె మాట సరే. నా అభ్యంతరం వేరే. అసలు కథలో ఆ నానమ్మ అలా రాలేదు. 1812లో ఓడిపోయాక ఒక్క పౌండు కూడా ఇవ్వకుండా లండన్లో ప్రభువుల సభకి అప్పీలు చేసింది. అక్కడ తేలడానికి 1819 దాకా పట్టింది. అక్కడా టీచర్లే గెలిచారు. ఆ తర్వాత కూడా పరిహారం ఎంతో తేల్చుకోవడానికి బేరాలు సాగాయి. అడిగిన 10,000లో లాయర్ల ఖర్చులు పోను చేతికి దక్కింది చిన్న భాగమే.

అసలు ఆడవాళ్ళెవరూ చావలేదు కూడా. మేరియన్ వుడ్స్ లండన్ దగ్గర తను ఇదివరకు పనిచేసిన బడిలోనే పాఠాలు చెప్పుకుంటూ బతికింది. జేన్ పిరీకి ఎడిన్‌బరోలో ఎవరూ పని ఇవ్వలేదు, మనసు చెదిరింది, అయినా ఊరు వదల్లేదు. మధ్యలో నాలుగు వందల మైళ్ళు. కేసు మాత్రం ఇద్దరి పేర్ల మీదా నడుస్తూనే ఉంది, 1811లో, 1812లో, 1819లో.

నాకు ఆ ఏళ్ళని రంగస్థలం మీద చూడాలని ఉంది. ఓడిన రోజు మళ్ళీ విచారించమని అర్జీ పెట్టాలని ముందుగా అన్నది ఎవరో, డబ్బు ఎక్కడ అప్పు తెచ్చారో, ప్రభువుల సభలో గెలిచిన కబురు ఒకరికొకరు ఎలా రాసుకున్నారో ఒక రచయిత ఊహించి రాయాలి. అందులో మార్తా చేతికి తుపాకీ ఇవ్వకుండా దావా కాగితం ఇవ్వాలి. మనవరాలి వేషం ఎవరో గారాబాల పిల్లకి కాకుండా మన పిల్లకే ఇవ్వాలి, ఓడ రేవులో ఆమెని సాగనంపిన తల్లికి కూడా ఒక సీను ఉండాలి, ఆ తల్లి తన భాషలోనే మాట్లాడాలి.